సవరణ: రోక్‌ఫోర్ చీజ్ ఆవుపాలది కాదు
దక్షిణ ఫ్రాన్స్‌లోని రోక్‌ఫోర్-సుర్-సూల్జోన్ అనే చిన్న ఊరి గురించి మొన్న పెట్టిన పోస్టులో, అక్కడి నీలిచారల చీజ్‌ను ఆ ఊరి ఆవుల పాలతో చేస్తారని రాశాను. అది తప్పు. ఆ చీజ్ పేరు వాడుకోవడానికి ఉన్న అధికారిక నిబంధనలు చూస్తే, వాడాల్సింది లకోన్ జాతి గొర్రెల పచ్చిపాలు. అవీ చుట్టుపక్కల జిల్లాల మందల నుంచి వస్తాయి.

ఊరి అసలు పని చీజ్‌ను మాగబెట్టడం. ఎప్పుడో కొంబాలు అనే కొండ చరియ విరిగిపడి, సున్నపురాయిలో లోతైన పగుళ్లు పడ్డాయి. వాటిగుండా చల్లటి తేమగాలి నేలమాళిగల్లోకి వీస్తుంది. చెక్క అరల మీద చీజ్ దిమ్మలు మాగేది ఆ గాలికే. ఊరి జీవనాధారమంతా అదే, నాకైతే అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. మాగబెట్టే హక్కును 1411లో ఆరో చార్లెస్ రాజు ఈ ఊరివాళ్లకే ఇచ్చాడు. రోక్‌ఫోర్ అనే పేరుకు చట్టరక్షణ 1925లో వచ్చింది.