బెంచీ మీద కర్ణుడు

చిత్తూరు దగ్గర మా ఊళ్ళో ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి ముందు భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, చివర్న దుర్యోధన వధ, అగ్నిగుండం. 2025 జూన్‌లో పిల్లల సెలవులకు ఇండియా వెళ్తే సరిగ్గా ఆ సందడిలో పడ్డాం. రాత్రి నాటకం, పొద్దున ఆరింటికి ఫోనులో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్. నిద్ర సంగతి అడక్కండి. నాకు తోడు మా అక్క కొడుకు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతూ కాలేజీ టీములో బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఆడతాడన్నది మా అక్క మాట. వాణ్ణడిగితే, "నీళ్ళ బాటిళ్ళు చూసుకుంటా ఉండా మామా" అన్నాడు.

ఆ రోజు హరికథ ఉద్యోగపర్వంలో ఉంది. కౌరవసేనలో రథులెవరు, అతిరథులెవరు అని భీష్ముడు లెక్క చెబుతున్నాడు. కర్ణుడి దగ్గరికొచ్చేసరికి అందరి ముందూ "అర్ధరథుడు", అంటే సగం రథికుడే, అనేశాడు. కర్ణుడికి ఒళ్ళు మండింది. ఈ ముసలాయన పడేదాకా నేను యుద్ధం చెయ్యనన్నాడు. పద్దెనిమిది రోజుల యుద్ధంలో పది రోజులు అంత వీరుడు, ఆటకు దించని ఆటగాడిలా, బెంచీ మీదే.

మావాడు నా చెవిలో గొణిగాడు: "మా కోచ్ కూడా ఇంతే మామా. అందరి ముందరే అంటాడు."

అప్పటికి నవ్వేశాను. కానీ ఇక్కడ మన తెలుగు సంఘం బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల జట్టుకు కోచ్‌ని నేనే. సెమీఫైనల్ దగ్గరపడిందంటే తల్లిదండ్రులు నాతో మాట్లాడే తీరే మారిపోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు వాళ్ళకు నచ్చని మాట చెప్పేస్తాను. ప్లేఆఫ్స్‌లో, అంటే లీగ్ మ్యాచులయ్యాక కప్పు కోసం జరిగే పోటీల్లో, అందరికీ సమానంగా ఆట ఇవ్వడం కుదరదు. ఇవ్వకూడదు కూడా. ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో అయిదుగురు, అంటే కోచ్ చేతిలో ఉండేది మొత్తం 240 నిమిషాలు. 82 మ్యాచుల సీజన్‌లో దాన్ని తొమ్మిది, పది మందికి పంచుతాడు. లేకపోతే పెద్ద ఆటగాళ్ళు అరిగిపోతారు. ప్లేఆఫ్స్‌లో వరసగా రెండు రోజులు మ్యాచులుండవు కాబట్టి వాళ్ళు 40 నిమిషాల దాకా ఆడగలరు. పైగా అదే ప్రత్యర్థితో ఏడు మ్యాచుల దాకా. డిఫెన్స్‌లో ఎవడు బలహీనమో రెండో మ్యాచ్‌కల్లా కనిపెట్టేస్తారు. ఇక ప్రతి బంతీ అతని మీదికే. అలాంటివాణ్ణి తీసి కూర్చోబెడితే అది కోపమూ కాదు, పక్షపాతమూ కాదు.

అయితే ఆ పొద్దున మేం చూసిన ఫైనల్స్ మూడో మ్యాచ్, ఇండియానాకూ ఓక్లహోమా సిటీకీ మధ్య, ఈ లెక్కనే తిరగేసింది. ఇండియానా కోచ్ రిక్ కార్లైల్ ప్లేఆఫ్స్‌లో కూడా పదిమందిని తిప్పుతున్నాడు. వాళ్ళ ఆటే పరుగు, అయిదుగురితో అయ్యే పని కాదు. బెంచీ మీంచి వచ్చిన బెనెడిక్ట్ మాథురిన్ 22 నిమిషాల్లో 27 పాయింట్లు కొట్టాడు. అలాగే వచ్చిన టి.జె. మెకానెల్ అయిదు స్టీల్స్, అంటే ఎదుటివాళ్ళ చేతిలోని బంతులు, లాగాడు. బెంచీవాళ్ళ పాయింట్ల లెక్క ఇండియానాకు 49, ఓక్లహోమా సిటీకి 18. చివరికి కప్పు ఏడో మ్యాచ్‌లో ఓక్లహోమాకే పోయింది, అది వేరే సంగతి. మావాడు ఫోను పట్టుకొని మాథురిన్ మొహం ఆపి ఆపి చూశాడు.

ఎంతమందిని ఆడించాలన్నది ఆట తీరును బట్టి ఉంటుంది. నా పేచీ దాంతో కాదు. కూర్చోబెట్టినవాడితో కోచ్ ఏం మాట్లాడాడు, ఎప్పుడు మాట్లాడాడు, అదీ నేనడిగేది.

2013లో మయామి జట్టు తన ఆటగాడు షేన్ బాటియేని తూర్పు విభాగం ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఒక్క నిమిషం కూడా దించలేదు. శాన్ ఆంటోనియోతో ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో అదే మనిషి ఆరు త్రీలు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, వేశాడు, కప్పు మయామిది. 2014-15లో గోల్డెన్ స్టేట్ జట్టుకు కొత్తగా వచ్చిన కోచ్ స్టీవ్ కెర్, అప్పటిదాకా ఎప్పుడూ బెంచీ మీంచి రాని ఆండ్రే ఇగుడాలాని సీజన్ అంతా బెంచీ మీంచే ఆడించాడు. క్లీవ్‌లాండ్‌తో ఫైనల్స్‌లో 2-1తో వెనకబడ్డాక, నాలుగో మ్యాచ్‌కు పొడుగాటి సెంటర్ బోగట్‌ని పక్కనపెట్టి ఇగుడాలాని మొదటి అయిదుగురిలో దించాడు. వరసగా మూడు గెలిచారు, ఫైనల్స్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అతనే. ఈ కెర్ కూడా ఒకప్పుడు బెంచీ మనిషే. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో జోర్డాన్ అందించిన బంతిని వేసి షికాగోకు కప్పు తెచ్చాడు. కూర్చుని కూర్చుని ఒక్కసారిగా లేవడమంటే ఏంటో తెలిసినవాడు.

ఇప్పుడు నా సంగతి. మొన్న మన టోర్నమెంట్ సెమీఫైనల్లో ఒక పిల్లాణ్ణి నాలుగు క్వార్టర్లూ కూర్చోబెట్టాను. లీగ్ మ్యాచుల్లో అందరికీ సమానంగా ఇచ్చాను, ఇక్కడ కుదర్లేదు. నేను బెంచీ వైపు తిరిగినప్పుడల్లా వాడు జాకెట్ జిప్పు సగం దాకా కిందికి లాగేవాడు. నేను కోర్టు వైపు తిరగ్గానే మళ్ళీ మెడదాకా పైకి. ఎన్నిసార్లు జరిగిందో వీడియో చూస్తే గానీ నాకు తెలియలేదు. తీసింది వాళ్ళమ్మే. మేం గెలిచాం. ఆ ఇంటివాళ్ళు పార్కింగ్‌లో నా పక్కనుంచే పోయారు, పలకరించలేదు. తప్పు వాళ్ళది కాదు. మ్యాచ్‌కు ముందు రెండు నిమిషాలు పక్కకు పిలిచి, "నాన్నా, ఇవాళ నీకు ఆట రాకపోవచ్చు. వాళ్ళ పొడుగు పిల్లాడి వల్ల మనవాళ్ళకు ఫౌళ్ళు పడితే మాత్రం నువ్వే వెళ్తావు. షాట్ సంగతి వదిలెయ్, షాట్ తప్పి వెనక్కొచ్చే బంతి వాడికి దొరక్కుండా అడ్డం నిలబడు చాలు" అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. టెన్షన్‌లో ఉన్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

పెద్ద జట్లలో ఆట దొరకనివాళ్ళు ప్రాక్టీసు రోజు ముగ్గురు ముగ్గురుగా ఆడి ఊపిరి నిలబెట్టుకుంటారు, పక్కన ఒక అసిస్టెంట్ కోచ్ నిలబడి చూస్తాడు. మనకు అంత హంగు లేదు. శనివారం జిమ్ దొరకడమే గొప్ప. కానీ రెండు నిమిషాల మాటకు జిమ్ అక్కర్లేదు కదా. ఇంకొకటి: దించిన పిల్లాడు మొదటి షాట్ తప్పగానే వెనక్కి పిలవకండి. మన కోచ్‌లలో సగం మంది చేసేది ఇదే. తర్వాత వాడు బంతిని చూడడు, మన మొహం చూస్తాడు.

ఆగస్టులో మావాడు తిరుపతి నుంచి ఫోన్ చేశాడు. ఏదో కాలేజీతో మ్యాచ్ అయిందట.

"నాలుగు నిమిషాలు ఆడినా మామా. పాయింట్లేం లేవు. రెండు ఫౌళ్ళు."

"ముందే చెప్పినాడా మీ సారు, ఇవాళ దించుతానని?"

"యాడ చెప్తాడు మామా. నేనే పొయ్యి అడిగినా, నా పనేంది సార్ అని."

"ఏమన్నాడు?"

"కొంచేపు నా మొహమే చూసినాడు. వాళ్ళ ఏడో నంబరోణ్ణి ఎడమపక్కకు పోనీయొద్దు అన్నాడు. పోనీలేదు మామా."