మాస్క్ కోసం బిడ్డ ముఖం మారాలా?

అర్ధరాత్రి బైపాప్ అలారం మోగుతుంది. మాస్క్ ద్వారా గాలి ఊది బిడ్డ ఊపిరికి సాయం చేసే మెషీన్ అది. అమ్మ లేచి మాస్క్ పట్టీ ఇంకాస్త బిగిస్తుంది. గాలి లీకవడం ఆగుతుంది. తెల్లారి మాస్క్ తీస్తే బిడ్డ ముక్కు దూలం మీద ఎర్రటి మచ్చ. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోవడం లేదంటే అక్కడ ఒత్తిడి పుండు మొదలైనట్టే.

ఇలాంటి పిల్లలకు ముఖం కొలతతో చేసిన మాస్క్ విలాసం కాదు, చికిత్సలో భాగం. నిద్రలో గాలి దారి మూసుకుపోకుండా మాస్క్‌తో గాలి ఊదే సీపాప్ అసలు పుట్టిందే అలా. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్ ఈ పద్ధతిని ప్రకటించిన తొలిరోజుల్లో ఒక్కో రోగి ముక్కుకు ప్లాస్టర్‌తో అచ్చు తీసి మాస్క్ చేసేవారు. తర్వాత ఫ్యాక్టరీ సైజులు వచ్చాయి. ఆ సైజుల్లో ఇమడని ముఖాలు వెనకబడ్డాయి: చిన్న దవడతో పుట్టిన పిల్లలు, డౌన్ సిండ్రోమ్ పిల్లలు, కండరాల బలహీనత వల్ల రాత్రంతా మెషీన్ మీదే ఊపిరి తీసుకునే పిల్లలు.

నష్టం పుండుతో ఆగదు. లీకేజీ ఎక్కువైతే పసివాడి బలహీనమైన శ్వాసను మెషీన్ పసిగట్టలేదు. వాడు గాలి పీల్చేది ఒకప్పుడు, అది ఊదేది ఇంకొకప్పుడు. పైగా పిల్లల ఎముకలు లేతవి. ఏళ్ల తరబడి రాత్రిళ్లు ముఖాన్ని అదిమిపెడితే ముఖం మధ్యభాగం సరిగా పెరగక చదునుగా మిగిలే ప్రమాదం ఉంది. ఊపిరి నిలబెట్టే వస్తువే ముఖాన్ని మార్చేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?

పిల్లలు పెరుగుతారు, కొన్ని నెలల్లో మాస్క్ పనికిరాకుండా పోతుంది, అంత ఖర్చు దండగ అంటారు. రెడీమేడ్ మాస్కూ అప్పటికి బిగుతైపోతుంది కదా! రెడీమేడ్ చక్కగా సరిపోయే పిల్లలకు అదే వాడండి, అభ్యంతరం లేదు. కానీ వినికిడి యంత్రం పెట్టుకునే పిల్లలను చూడండి. చెవికి అచ్చు తీసి ఇయర్‌మోల్డ్ చేస్తారు, చెవి పెరిగేకొద్దీ మారుస్తారు. దాన్ని ఎవరూ దుబారా అనరు. చెవికి దక్కిన ఆ మర్యాద ముక్కుకు ఎందుకు దక్కదు?

పని తేలికని చెప్పను. మెలకువలో బిగించిన నోరు నిద్రలో తెరుచుకుంటుంది, దవడ జారుతుంది. అందుకే మాస్క్ కొలత కోసం తీసే ముఖం స్కాన్ నిద్రలోని ముఖానికి సరిపోవాలి. మాస్క్ లోపల ఖాళీ ఎక్కువైతే వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే బిడ్డ మళ్లీ పీలుస్తాడు. గాలి బయటికి పోయే రంధ్రాలు సరిగ్గా కుదరాలి. చర్మానికి తగిలే అంచు మెడికల్ సిలికోన్‌దే కావాలి. త్రీడీ ప్రింటర్ ఉంది కదా అని ఇంట్లో చేసుకునే వస్తువు కాదిది.

అడ్డం పడుతున్నది లెక్కల పద్ధతి. మాస్క్ ఖర్చు ఒక పద్దులో, పుండుకు వైద్యం ఇంకో పద్దులో, పై దవడకు ఆపరేషన్ పదేళ్ల తర్వాత మరెవరి పద్దులోనో. మూడూ ఒకే బిడ్డవి. చెకప్‌కు వచ్చిన ప్రతిసారీ ఎత్తు, బరువు చూస్తున్నారు. అదే గదిలో ముఖాన్నీ స్కాన్ చేయండి. తేడా కనిపిస్తే, పుండు పడేదాకా ఆగకుండా ఆ రోజే కొత్త మాస్క్‌కు ఆర్డర్ రాయండి.