చెరిపేసిన గీత

మధ్య ఆఫ్రికా దేశం కామెరూన్‌కు అధ్యక్షుడిగా పాల్ బియా ఎనిమిదోసారి గెలిచినట్లు ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు 92 ఏళ్లు. 2025 అక్టోబర్ 12న ఓటేసిన జనం ఫలితం కోసం 27 వరకు ఎదురుచూశారు. బియాకు 53.66 శాతం, ఆయన దగ్గర కొద్ది నెలల ముందు దాకా మంత్రిగా పనిచేసిన ఇస్సా చిరోమా బకారీకి 35.19 శాతం ఓట్లు వచ్చాయని రాజ్యాంగ మండలి చదివి వినిపించింది. గెలిచింది తానేనంటున్నారు చిరోమా. ఫలితానికి ముందు రోజు దువాలా నగరంలో రోడ్డెక్కిన వాళ్ల మీద భద్రతా బలగాలు విరుచుకుపడ్డాయి. నలుగురు చనిపోయారని ఆ ప్రాంత గవర్నరే చెప్పారు. పదవీకాలం ఏడేళ్లు. అది పూర్తయ్యేసరికి బియా వందకు చేరువవుతారు.

అందరూ ఆయన వయసు గురించే మాట్లాడుతున్నారు. మా ఆందోళన వయసు గురించి కాదు. 2008 ఏప్రిల్ 10 గురించి.

ఒక మనిషి ఏడేళ్ల చొప్పున రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఉండకూడదని 1996 రాజ్యాంగ సవరణ గీత గీసింది. ఆ లెక్కన 2011లో బియా ఇంటికి వెళ్లాలి. ఆయన ఆ గీతనే తీసేయాలనుకున్నారు. 2008 ఫిబ్రవరిలో పెట్రోలు ధర, తిండిగింజల ధరలు, దీనికి తోడు ఈ సవరణ కబురు, అన్నీ కలిసి జనాన్ని వీధుల్లోకి తెచ్చాయి. సైన్యం కాల్పులు జరిపింది. చనిపోయింది 40 మందని ప్రభుత్వం, వందకు పైనేనని హక్కుల సంఘాలు చెప్పాయి. ఆ నెత్తురు ఆరకముందే పార్లమెంటు ఆ నిబంధనను కొట్టేసింది. పదవిలో ఉండగా చేసిన పనులకు దిగిపోయాక కూడా కేసుల్లేకుండా రక్షణ కల్పించుకున్నదీ అదే సవరణలో. ఆ మార్పును పాటలో ఎండగట్టిన లాపిరో ద ఎంబంగా అనే గాయకుడిని అల్లర్ల కేసు పెట్టి మూడేళ్లు జైల్లో ఉంచారు.

ఆ రోజు ప్రపంచం గట్టిగా ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అనుభవిస్తున్నది ఆ మౌనాన్నే. ఉగాండా అప్పటికే 2005లో పదవీకాల పరిమితిని ఎత్తేసింది, 2017లో వయసు పరిమితినీ తీసేసింది. జిబూతి 2010లో అదే బాట పట్టింది. 2015లో కాంగో బ్రజావిల్, రువాండా. 2024లో టోగో ఏకంగా పాలనా పద్ధతినే మార్చేసి, ఉన్న నాయకుడికే మరో పేరుతో కుర్చీ వేసింది. 2025 అక్టోబర్ మొదట్లో పొరుగునున్న చాద్ ఏడేళ్ల పదవీకాలాన్ని ఎన్నిసార్లయినా పొడిగించుకునేలా చట్టం చేసుకుంది. బియా ఫలితం వచ్చిన రోజే ఐవరీ కోస్ట్‌లో 83 ఏళ్ల అలస్సాన్ వతారా నాలుగోసారి గెలిచినట్లు ప్రకటన వచ్చింది. ఒకరు చెరిపితే పక్కవాడికి ధైర్యం వస్తుంది. ఒకసారి చెరిపిన గీతను తిరిగి గీసిన వాళ్లు చాలా తక్కువ.

బియా ఉండబట్టే దేశం నిలబడిందనే వాదన ఉంది. చుట్టూ బోకో హరామ్, చాద్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌ల అల్లకల్లోలం ఉందని, ఆయన తప్పుకుంటే ఏమవుతుందోనని భయపడేవాళ్లు ఆ దేశంలోనూ ఉన్నారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ 43 ఏళ్లు పాలించాక కూడా తను లేకపోతే దేశం కూలిపోతుందంటే, ఆ తప్పు ఎవరిది?

ఇంతకీ ఆ స్థిరత్వం సంగతి చూద్దాం. పాత బ్రిటిష్ ఏలుబడిలోని దక్షిణ కామెరూన్స్ ప్రజలు 1961లో ఓటేసి మరీ ఫ్రెంచి మాట్లాడే కామెరూన్‌తో కలిశారు. సమాఖ్యగా ఉంటామన్నది ఒప్పందం. 1972లో నాటి అధ్యక్షుడు అహ్మదూ అహిజో రెఫరెండం పెట్టి సమాఖ్యను రద్దు చేశారు. 1984లో బియా దేశం పేరులోంచి ‘ఐక్య’ అన్న మాటను కూడా తీసేశారు. మాట ఇచ్చి కలుపుకొని, ఆ తర్వాత మాట తప్పితే ఏమవుతుందో తెలుగు పాఠకులకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 2016లో ఇంగ్లిష్ ప్రాంతాల లాయర్లు, టీచర్లు అడిగింది ఒక్కటే: మా కోర్టులకు మా న్యాయపద్ధతి తెలిసిన జడ్జీలను, మా బడులకు మా భాష వచ్చిన టీచర్లను పంపండి. జవాబుగా అరెస్టులు చేశారు. 93 రోజుల పాటు ఇంటర్నెట్ కట్ చేశారు. చివరికి వేరే దేశం కావాలంటూ తుపాకులు లేచాయి. ఇప్పటికి ఆరు వేల మందికి పైగా చనిపోయారని అంచనా.

2020 ఫిబ్రవరి 14న ఆ ప్రాంతాల్లోని న్గార్‌బు గ్రామంలో సైనికులు పిల్లల్ని కూడా వదలకుండా చంపారు. అదే ఏడాది అక్టోబర్‌లో కుంబాలో సాయుధులు తరగతి గదిలోకి చొరబడి కనీసం ఏడుగురు విద్యార్థులను కాల్చేశారు. ఒక వైపు సైన్యం, ఇంకో వైపు వేర్పాటువాదులు, మధ్యలో బడి సంచీ. ఇంగ్లిష్ ప్రాంతాల ముఖ్య నగరాలైన బమెండా, బ్యువాల్లో ఏళ్ల తరబడి సోమవారం అంటే బంద్. దాన్ని అక్కడ ‘ఘోస్ట్ టౌన్’ అంటారు. షట్టర్లు దించి ఉంటాయి, టాక్సీలు తిరగవు, బళ్లు తెరవరు. ఆ ఊళ్లలో ఇప్పుడు ఎనిమిదేళ్లున్న పిల్లకు వారం అంటే నాలుగు రోజుల బడే. స్థిరత్వం కావాలనేవాళ్లు ఒక్క సోమవారం బమెండా వెళ్లి చూడాలి.

దేశం పేదదా అంటే, కాదు. కోకో పండించే దేశాల్లో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. చమురు ఉంది, కలప ఉంది, పత్తి, అరటి, కాఫీ ఉన్నాయి. సముద్రం లేని చాద్ చమురు కామెరూన్ గుండానే పైపులైనులో క్రిబి తీరానికి వస్తుంది. సనగా నది మీద జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. అయినా పది మందిలో దాదాపు నలుగురు పేదరికంలో ఉన్నారు. దువాలాలో డిగ్రీ చదివిన కుర్రాడు ‘బెన్‌స్కిన్’ నడుపుతాడు, అంటే మోటార్‌సైకిల్ టాక్సీ. మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడకు బ్యాంకు అప్పివ్వదు. పదిమంది కలిసి వేసుకునే ‘న్జాంగి’లో, మన చిట్టీ లాంటి దాంట్లో, తన వంతు వచ్చినప్పుడే బిడ్డ ఫీజు కడుతుంది. ఈ జనంలో సగం మంది ఇరవై ఏళ్లు దాటని వాళ్లు. ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి కావడానికి రెండు నెలల ముందు, 1982 నవంబర్‌లో గద్దెనెక్కిన మనిషి తప్ప మరో అధ్యక్షుడిని వాళ్లు చూడలేదు. వాళ్ల అమ్మానాన్నల్లో చాలామంది కూడా చూడలేదు.

ఆ అధ్యక్షుడైనా వాళ్లకు కనిపించారా? బియా విదేశాల్లో సొంత పనుల మీద గడిపిన రోజులన్నీ కలిపితే నాలుగున్నరేళ్లు అవుతాయని 2018లో పరిశోధక పాత్రికేయులు లెక్క తేల్చారు. ఈసారి కూడా ప్రచారం మొదలయ్యే వేళకు ఆయన స్విట్జర్లాండ్‌లో ఉన్నారు. తిరిగొచ్చి మరువా నగరంలో ఒక్క సభ పెట్టారు. గట్టి పోటీ ఇవ్వగల మారిస్ కామ్టో నామినేషన్‌ను ఎన్నికల సంఘం తిరస్కరించింది, రాజ్యాంగ మండలి దానికి ముద్ర వేసింది. ఆ సంఘం సభ్యులనూ, ఆ మండలి సభ్యులనూ నియమించేది అధ్యక్షుడే.

చిరోమాను మేము నెత్తిన పెట్టుకోవడం లేదు. సైనికులు ఇద్దరు ఆడవాళ్లను, వాళ్ల పిల్లలను కాల్చి చంపిన వీడియో 2018లో బయటపడితే, ప్రభుత్వ ప్రతినిధిగా అది అబద్ధమన్నది ఈయనే. రెండేళ్లకు ఆ సైనికులకే శిక్ష పడింది. అలాంటి మనిషికి కూడా జనం అంత పెద్ద ఎత్తున ఓటేశారంటే, వాళ్లకు మిగిల్చిన దారులు ఎన్నో ఆలోచించాలి. పోలింగ్ ముగిశాక అక్కడి యువత లెక్కింపు దగ్గరే కాపలా ఉండి, ఫలితాల పత్రాలను ఫోన్లలో ఫొటోలు తీసుకుంది. మేము రాసుకున్న లెక్క ఇది, మీ లెక్క చూపించండి అని అడిగింది. న్యాయమైన మాట. పోలింగ్ కేంద్రాల వారీగా లెక్కలన్నీ బయటపెడితే ఎవరు గెలిచారో తేలిపోతుంది. దానికి తుపాకులెందుకు?

అడిగేవాళ్లకు అక్కడ ఏమవుతుందో మా వృత్తి వాళ్లకు బాగా తెలుసు. రేడియోలో అవినీతి గుట్టు విప్పిన మార్టినెజ్ జోగోను 2023 జనవరిలో ఎత్తుకెళ్లారు. అయిదు రోజులకు రాజధాని యావుండే శివార్లలో శవమై కనిపించారు. ఆ కేసులో దేశ గూఢచార విభాగం అధికారులే నిందితులు.

ఇక ఆఫ్రికా దేశాల కూటమి ఆఫ్రికన్ యూనియన్. మాలి, గినీ, బుర్కినా ఫాసో, నైజర్, గాబన్‌లలో సైనికులు అధికారం లాక్కుంటే ఆ దేశాలను సస్పెండ్ చేసింది. మంచిదే చేసింది. మరి అధికార మార్పిడికి అడ్డం పడేలా రాజ్యాంగాన్ని మార్చడం కూడా రాజ్యాంగ విరుద్ధమేనని ఆ యూనియన్ సొంత చార్టర్‌లోని 23వ అధికరణం చెబుతోంది. 2007లో అడిస్ అబాబాలో ఆమోదించిన చార్టర్ అది. దాన్ని బియా మీద ఎప్పుడైనా ఎక్కుపెట్టారా? ఇప్పుడు కూడా యూనియన్ కమిషన్ అధిపతి ఒకే ప్రకటనలో బియాను అభినందించారు, హింస మీద ఆందోళన కూడా చెప్పారు. ఆ అధిపతి సొంత దేశం జిబూతి. బియా ఫలితానికి ఒక్క రోజు ముందు అక్కడి పార్లమెంటు అధ్యక్షుడి వయసు పరిమితిని ఎత్తేయడానికి ఓటేసింది.

యూనిఫాం వేసుకుని రాజ్యాంగాన్ని తొక్కితే నేరం, సూటు వేసుకుని తొక్కితే అభినందన! ఈ రెండు నాల్కల ధోరణే ఖండమంతా సైనికులకు సాకు అందిస్తోంది. మీ దొరలు చేసింది మేము చేస్తే తప్పేంటని వాళ్లు అడిగితే యూనియన్ దగ్గర ఏం జవాబుంది? 2008 నుంచి నోరు మెదపని పెద్దలు ఆ అభినందనను ముందు వెనక్కి తీసుకోవాలి. 23వ అధికరణాన్ని అమలు చేసే దమ్ము లేకపోతే, దాన్ని చార్టర్‌లోంచి కొట్టేసి ఆ సంగతి దువాలాలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల మొహం చూసి చెప్పాలి.