హాలోవీన్ (1978): ఆ పోస్టులో ఒక్కటీ నిలబడదు

అక్టోబరు వచ్చిందంటే సినిమా గ్రూపుల్లో ఓ పోస్టు తిరగడం మొదలవుతుంది. జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ ప్రపంచంలోనే తొలి స్లాషర్ (హంతకుడు ఒక్కొక్కరినీ కత్తితో వేటాడే సినిమా) అట. మొదటి సీనంతా ఒకే టేకట, రక్తం ఏరులై పారుతుందట, ‘తప్పు’ చేసిన అమ్మాయిలే చస్తారట, హంతకుడు మైఖేల్ వచ్చింది సొంత చెల్లెలి కోసమట, వంక పెట్టడానికి సినిమాలో ఏమీ లేదట. నాకు ప్రాణమైన సినిమా ఇది. అందుకే లేని గొప్పలు అంటగడితే ఊరుకోబుద్ధి కాదు.

తొలి స్లాషర్ కాదు. 1960లోనే ‘సైకో’, ‘పీపింగ్ టామ్’ వచ్చాయి. 1974 నాటి కెనడా సినిమా ‘బ్లాక్ క్రిస్మస్’ చూడండి. పండగ రాత్రి, అమ్మాయిలుండే ఇల్లు, హంతకుడి కళ్లే కెమెరా, ఆ ఇంట్లోంచే వచ్చే ఫోన్లు. సరంజామా అంతా అప్పటికే ఉంది. సుమారు 3 లక్షల డాలర్లతో తీసి అమెరికాలోనే దాదాపు 4.7 కోట్లు రాబట్టి, అందరూ కాపీ కొట్టే మూసగా మారడం మాత్రం ‘హాలోవీన్’ ఘనతే.

ఒకే టేకూ కాదు. ఒంటికి తగిలించుకునే పానాగ్లైడ్ కెమెరాతో తీశారు. ఆరేళ్ల మైఖేల్ మాస్కు తొడుక్కోగానే తెరంతా నల్లబడి రెండు కంటి రంధ్రాలు మిగులుతాయి. కట్ దాచింది అక్కడే. కత్తి పట్టిన చెయ్యి కూడా పిల్లాడిది కాదు, నిర్మాత డెబ్రా హిల్‌ది.

ఇక రక్తం. నిజానికి ఇందులో కనిపించేది చాలా తక్కువ. బాబ్ అనే కుర్రాణ్ణి కత్తితో తలుపుకి గుచ్చాక కెమెరా చూపించేది వేలాడే కాళ్లనీ, తల అటూ ఇటూ వంచి చూసే మైఖేల్‌నీ. భయమంతా 2.35 నిష్పత్తి వెడల్పు ఫ్రేములో ఉంది. శవాల్ని చూసిన కథానాయిక లారీ చీకటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఏడుస్తుంటుంది. ఆ చీకట్లోంచి తెల్లటి మాస్కు మెల్లగా తేలుతుంది. మైఖేల్ అడుగు కూడా కదపడు, ఛాయాగ్రాహకుడు డీన్ కండీ డిమ్మర్‌తో ఒక చిన్న లైటుని కొద్దికొద్దిగా పెంచాడు, అంతే. మన కన్ను చీకటికి అలవాటుపడి అతన్ని కనిపెట్టినట్టే ఉంటుంది. చిన్న ఫోన్ తెరకి సరిపడేలా ఫ్రేము పక్కలు క్రాప్ చేసి చూసేవాళ్లకి ఈ షాట్ సగం పోయినట్టే. దీనికి తోడు కార్పెంటర్ సొంతంగా కట్టిన సంగీతం, అయిదేసి దెబ్బల 5/4 తాళం, దానిమీద నిలకడగా కాలు ఆనదు.

‘తప్పు చేసినవాళ్లకి శిక్ష’ అనేవాళ్లు లారీ స్నేహితురాలు ఆనీ చావుని జాగ్రత్తగా చూడాలి. ఆమె ఇంకా ప్రియుణ్ణి కలవనేలేదు. కారు తలుపు తాళం వేసి ఉంటే కీస్ కోసం లోపలికెళ్తుంది. తిరిగొచ్చాక తాళం తీయకుండానే తలుపు తెరుచుకుంటుంది. లోపల కూర్చున్నాక అద్దాల మీది ఆవిరి చూసి అనుమానం వస్తుంది, అప్పటికే ఆలస్యమైపోయింది. పైగా గంజాయి లారీ కూడా పీలుస్తుంది, అయినా బతుకుతుంది.

లారీ మైఖేల్ చెల్లెలన్న కథ 1981 నాటి రెండో భాగంలో పుట్టింది. ఆ సమయంలోనే తీసి తొలి సినిమా టీవీ ప్రసారానికి కలిపిన సీన్లు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచాయి. తొలి సినిమాలో లారీ చేసిందల్లా నాన్న చెప్పాడని మైఖేల్ కుటుంబం ఒకప్పుడున్న పాత మైయర్స్ ఇంటి గుమ్మంలో తాళంచెవి పెట్టడమే. లోపలున్నవాడు చూశాడు. కారణం లేకపోవడమే ఈ సినిమాలో అన్నిటికన్నా భయపెట్టేది. దాన్ని బంధుత్వంతో పూడ్చడం పెద్ద నష్టం.

వంకలా? ఉన్నాయి. కథ ఇల్లినాయ్‌లో, షూటింగ్ కాలిఫోర్నియాలో, వసంతకాలంలో. ఎండుటాకులకి రంగేసి మళ్లీ మళ్లీ చల్లారు, వెనక తాటిజాతి చెట్లు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. ఆ బడ్జెట్‌కి అది క్షమించొచ్చు. ఆరేళ్ల వయసు నుంచి ఆసుపత్రిలో బందీగా ఉన్నవాడికి డ్రైవింగ్ ఎలా వచ్చిందో ఒక్క డైలాగుతో దాటేశారు. మైఖేల్‌కి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ చీకటిపడ్డాక మైయర్స్ ఇంటి దగ్గర కాపలా కాస్తాడు, అదే వీధిలో ఉన్న మైఖేల్ దొంగిలించిన కారు మాత్రం చాలాసేపటికి గానీ అతని కంటపడదు. అసలైన లోపం క్లైమాక్స్‌లో ఉంది. లారీ అల్లిక సూదితో పొడిచి మైఖేల్‌ని పడగొట్టాక చేతికి దొరికిన కత్తిని వదిలేస్తుంది. భయంలో అలా జరుగుతుందని సరిపెట్టుకోవచ్చు. అల్మారాలోంచి బయటపడ్డాక మళ్లీ అదే పని, కత్తి అతని పక్కనే. రెండోసారి పడేయించింది రచయిత అని తెలిసిపోతుంది.