తోరణం సరే, అరుగు ఏది?

కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్ కోట దాకా ఒకసారి బండి మీద వెళ్ళి చూడండి. కాలనీ గేటు మీద కాకతీయ తోరణం, ఫంక్షన్ హాలు ముందు తోరణం, కాలేజీకి, ఆసుపత్రికి, షాపింగ్ కాంప్లెక్సుకు తోరణం. కొన్ని సిమెంటుతో పోసినవి, కొన్ని ఫైబర్‌తో చేసి రంగు వేసినవి. 2014లో రాష్ట్ర చిహ్నంలో చోటు దక్కాక ఈ తోరణం మన అందరి గుర్తు అయింది. 2025 మేలో కొత్త హంగులతో ప్రారంభమైన వరంగల్ రైల్వే స్టేషన్ ముఖద్వారంలోనూ కాకతీయుల శిల్పశైలే కనిపిస్తుంది. ఒకప్పుడు మన ఊరి చరిత్రను మనమే పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నాం. అందుకు సంతోషమే.

మా బాధ ఆ తోరణం దాటాక మొదలవుతుంది. లోపలికి పోతే మనిషి నిలబడి ఇంకో మనిషితో మాట్లాడే చోటు ఉండదు. గేటు, వాచ్‌మన్ కుర్చీ, కార్ల వరుస, లిఫ్టు. ఆ తర్వాత ఎవరి తలుపు వాళ్ళది. కాకతీయుల దగ్గర మనం ద్వారాన్ని తెచ్చుకున్నాం కానీ, ఆ ద్వారం ఎక్కడికి దారి తీసేదో దాన్ని వదిలేశాం.

కోటలో నిలబడి ఉన్న నాలుగు కీర్తి తోరణాలను చూసినవాళ్ళకు ఇది తెలుస్తుంది. వాటికి తలుపులు లేవు. నడుమ ఉన్న స్వయంభూ శివాలయ ప్రాంగణంలోకి నాలుగు దిక్కుల నుంచి జనాన్ని పిలవడానికి కట్టినవి అవి. గుడి కూలిపోయినా, మండపాల రాళ్ళు చెల్లాచెదురైనా, ఆ నాలుగింటి మధ్య ఎంత విశాలమైన చోటు వదిలారో ఇప్పటికీ కళ్ళకు కనబడుతుంది.

పాలంపేట రామప్ప గుడిని 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక నీటిలో తేలే ఇటుకల గురించి, ఇసుక పునాది గురించి చిన్న పిల్లలు కూడా చెబుతున్నారు. మదనికల, అంటే ఆ నల్లరాతి స్త్రీ శిల్పాల, అందం గురించి చెప్పేదేముంది. మేము మాత్రం ఇంకో సంగతి వైపు పాఠకుల చూపు మళ్ళించాలనుకుంటున్నాం. ఆ గుడి రంగమండపం చుట్టూ కక్షాసనాలు ఉన్నాయి, అంటే వీపు ఆనించి కూర్చునే రాతి అరుగులు. గుడి మొత్తం ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకారపు జగతి, అంటే రాతి పీఠం, మీద నిలబడింది. గర్భగుడి చుట్టూ తిరిగేవాళ్ళకు దారి, నాట్యం చూసేవాళ్ళకు ఆసనం, అలసినవాళ్ళకు నీడ, అన్నీ ముందే ఆలోచించి కట్టారు. ఎనిమిది వందల ఏండ్ల తర్వాత ఈనాటికీ ములుగు నుంచి వచ్చిన రైతు అయినా, హైదరాబాద్ నుంచి వచ్చిన విద్యార్థి అయినా లోపలికి వెళ్ళగానే ఎవరూ చెప్పకుండానే ఆ రాయి మీద కూర్చుంటారు. 1163 నాటి వేయిస్తంభాల గుడిలోనూ అదే లెక్క. మూడు గర్భగుళ్ళకు ఎదురుగా మనుషులు కూడుకోవడానికి అంత పెద్ద కళ్యాణ మండపం కట్టారు. కదిలిపోయిన ఆ మండపాన్ని ఒక్కో రాయీ విప్పి మళ్ళీ పేర్చి, 2024 శివరాత్రికి తిరిగి తెరవడానికి ఏండ్లు పట్టింది. కూడుకునే చోటు మీద మనకున్న ప్రేమ వల్లనే అంత ఓపిక పట్టగలిగామని మేము అనుకుంటాం.

మన ఇండ్లలోనూ అదే చోటు ఉండేది. దర్వాజకు రెండు వైపులా అరుగులు, మీద గూన పెంకు చూరు నీడ. పొద్దున కూరగాయల బుట్ట దిగేది దాని మీదనే, మధ్యాహ్నం బీడీలు చుట్టేది, బియ్యం ఏరేది, రాత్రి ముసలాయన నడుం వాల్చేది దాని మీదనే. అది ఇంటివాళ్ళదే అయినా బాటసారి కూర్చుంటే ఎవరూ లెమ్మనరు. ఎండలో వచ్చిన పోస్టుమన్‌కు చెంబెడు నీళ్ళు ఇచ్చేది అక్కడే. వాడకట్టులో ఎవరింట్లో జ్వరం, ఎవరి పిల్లకు సంబంధం వచ్చింది, ఎవరి బావి ఎండింది, అన్ని ముచ్చట్లూ అరుగుల మీదుగా సాగేవి. చెట్టు చుట్టూ కడితే అదే గద్దె. రెండేండ్లకోసారి లక్షల మంది కదిలి వెళ్ళే మేడారంలో కూడా సమ్మక్క సారలమ్మలు కొలువయ్యేది గద్దెల మీదనే. ఉత్తర తెలంగాణ మనిషికి నలుగురు కలవాలంటే గోడలు, గోపురం అక్కర్లేదు. కాస్త ఎత్తు చేసిన నేల, మీద నీడ ఉంటే చాలు.

ఆ అరుగు ఎందుకు పోయిందో మాకు తెలియక కాదు. రోడ్డు వెడల్పులో మొదట పోయేది అరుగే. వంద గజాల ప్లాటులో కారు పెట్టాలా, అరుగు కట్టాలా అంటే కారే గెలుస్తుంది. రోడ్డు మీది గదికి షట్టర్ పెడితే కిరాయి వస్తుంది, అరుగుకు కిరాయి రాదు. అప్పు తెచ్చి ఇల్లు కట్టుకునే కుటుంబాన్ని ఈ విషయంలో తప్పుబట్టడం న్యాయం కాదు. కానీ ఊరంతా ఒక్కొక్కరుగా అదే లెక్క వేసుకుంటూ పోతే చివరకు అందరికీ కలిపి ఏం మిగిలిందో ఎవరో ఒకరు అడగాలి కదా. ఆ పని మేము చేస్తున్నాం.

దీని దెబ్బ అన్నిటికన్నా గట్టిగా తగిలేది చావు రోజు. కిరాయి ఇంట్లో మనిషి పోతే శవాన్ని ఇంటికి తేవద్దనే ఓనర్లు ఉన్నారు. అపార్ట్‌మెంటులో అయితే లిఫ్టులో ఎలా తేవాలి, ఎక్కడ పడుకోబెట్టాలి, స్నానం ఎక్కడ చేయించాలి అని అంత దుఃఖంలోనూ టెన్షన్. సెల్లార్‌లో రెండు కార్లు పక్కకు జరిపి, సిమెంటు నేల మీద చాప పరిచి, చివరి చూపులు కానిచ్చే కుటుంబాలు మన నగరంలో ఎన్నో. కొందరు ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికే తీసుకెళ్తున్నారు. పుట్టినప్పటి నుంచి ఆ వాడలోనే బతికిన మనిషిని సాగనంపడానికి వాడకట్టు మొత్తం రోడ్డు మీద, ఎండలో, టెంటు కింద నిలబడుతుంది. పదకొండో రోజుకు మళ్ళీ అదే రోడ్డు, అదే టెంటు. ఇల్లు గీసిన ఇంజినీరుకు గదికి ఎన్ని చదరపు అడుగులో తెలుసు. ఆ ఇంట్లో ఒక రోజు పాడె లేస్తుందన్న సంగతి మాత్రం ప్లానులో ఎక్కడా కనబడదు. చావుకు చోటు లేని భవనాన్ని పూర్తయిన భవనం అని మేము అనలేం.

బతుకమ్మకూ చోటు తగ్గుతోంది. పద్మాక్షి గుట్ట దగ్గర, భద్రకాళి చెరువు దగ్గర సద్దుల బతుకమ్మ నాడు కనిపించే జనసముద్రాన్ని టీవీలన్నీ చూపిస్తాయి. కానీ ఎంగిలిపూల రోజు నుంచి తొమ్మిది రోజులూ పండుగ జరిగేది వాడల్లో. పది మంది ఆడవాళ్ళు చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టాలంటే కనీసం ఇరవై, ఇరవై ఐదు అడుగుల చదునైన జాగ కావాలి. పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో కూడా ఆ జాగలో గడ్డి పెంచి, నడవరాదని బోర్డు పెడుతున్నారు. ఒగ్గుకథ చెప్పేవాళ్ళకైనా, చిందు యక్షగానం ఆడేవాళ్ళకైనా కావలసింది చుట్టూ జనం కూర్చునే ఖాళీ చోటే. ఆ చోటు లేని ఊళ్ళో ఆ కళలు స్టేజీ మీద పది నిమిషాల ఐటెంగా మిగిలిపోతాయి.

ఇక ప్రభుత్వాలు కట్టిన వాటి సంగతి. 2020 అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో మొదటి రైతు వేదికను ప్రారంభించారు. ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున రాష్ట్రమంతటా 2,601 కట్టాలని తలపెట్టారు. రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక సొంత చోటు ఉండాలన్న ఆలోచన చాలా మంచిది, దాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాం. అయితే అన్ని ఊళ్ళలోనూ ఒకే నమూనా, చాలా చోట్ల మీటింగు ఉన్న రోజే తాళం తీస్తారు. ఆ తాళం వేసి ఉన్న హాలు పక్కనే చింతచెట్టు కింద రైతులు కూర్చుని ఉండటం మన విలేకరులకు కొత్త దృశ్యం కాదు. హాలు చుట్టూ రెండడుగుల అరుగు, దాని మీద నాలుగడుగుల చూరు దించి ఉంటే, తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నా ఆ వేదిక రైతుదే అయ్యేది. సమీకృత కలెక్టరేట్లు కూడా జిల్లా జిల్లాకూ దాదాపు ఒకే పోలికలో లేచాయి. ఆదిలాబాద్ చలికి, రామగుండం ఎండకు, ములుగు అడవికి ఒకే డ్రాయింగ్ ఎలా సరిపోతుంది? అర్జీ పట్టుకుని పొద్దున్నే బస్సెక్కి వచ్చే ముసలమ్మ సాయంత్రం దాకా ఎక్కడ కూర్చుంటుందన్న ప్రశ్న దగ్గర డిజైన్ మొదలుకావాలి.

ఊళ్ళల్లో కులానికొక సంఘం భవనం వెలిసింది. ప్రతి కులానికీ తమదంటూ ఒక కప్పు ఉండటంలో ఆత్మగౌరవం ఉంది, దాన్ని కాదనం. కానీ అన్ని కులాలవాళ్ళూ పక్కపక్కన కూర్చునే చోటు ఊళ్ళో ఒక్కటీ లేకపోతే ఎట్లా? పాత రోజుల అరుగు మీద కూడా అందరికీ సమానంగా చోటు దొరకలేదు. కొందరు దాని కింద నేల మీదనే కూర్చోవలసి వచ్చింది. ఆ అన్యాయాన్ని మరిచిపోయి ఊరి పంచాయితీ నడిచిన పాత కచ్చీరును, దొర గడీని పొగడటం మాకు ఇష్టం లేదు. కొత్తగా కట్టే అరుగు ఆ పాత లెక్కను సరిచేసేలా ఉండాలి. ఎవరైనా ఎక్కి కూర్చోగలిగే ఎత్తులో, గేటు లేకుండా, వీధి వైపు తెరుచుకుని ఉండాలి.

ఇది జరగని పనేమీ కాదు. ఇండోర్‌లో పేదల కోసం కట్టిన అరణ్య కాలనీని బాలకృష్ణ దోషి డిజైన్ చేశారు. సుమారు ఆరున్నర వేల ఇండ్ల ఆ కాలనీలో ఇల్లు చిన్నదే అయినా, వీధికీ గడపకూ నడుమ ఒట్లా ఉండేలా చూశారు. గుజరాత్ వైపు మన అరుగును ఒట్లా అంటారు. ఇంటివాళ్ళు చేతిలో డబ్బు ఉన్నప్పుడు గదులు పెంచుకోవచ్చు, వీధి మాత్రం మొదటి రోజు నుంచే వీధిలా బతకాలన్నది ఆయన ఉద్దేశం. 1995లో ఆ కాలనీకి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. 2018లో దోషి ఆర్కిటెక్టులకు ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు.

మనకు ఇప్పుడు అలాంటి అవకాశమే చేతికి వచ్చింది. ఇందిరమ్మ ఇండ్లకు ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. 400 నుంచి 600 చదరపు అడుగుల లోపు ఎవరి ఇల్లు వాళ్ళే కట్టుకుంటున్నారు. డబుల్ బెడ్రూం ఇండ్లలా కాంట్రాక్టర్ గీసి ఇచ్చిన బొమ్మ కాదు ఇది, మేస్త్రీతో మాట్లాడుకుని మార్చుకోగల ఇల్లు. ఇంటి ముందు రెండున్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు అరుగుకు అయ్యే ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో చాలా చిన్నది. హౌసింగ్ ఇంజినీర్లు ఇచ్చే నమూనా ప్లాన్లలో ఆ గీత ఒకటి గీసి, ఆ అరుగును కొలతల పరిమితిలోంచి మినహాయించాలి. ఆ పని హైదరాబాద్ నుంచి ఒక్క సర్క్యులర్‌తో అయిపోతుంది.

వాడే వస్తువుల గురించి కూడా ఒక మాట. 45 డిగ్రీలు దాటే ఎండలో హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి, లోపల రోజంతా ఏసీలు. కరీంనగర్ గ్రానైట్ ఓడలెక్కి విదేశాలకు పోతుంటే, మన ఆఫీసుల నేలకు బయటి టైల్స్ వస్తున్నాయి. పెంబర్తి ఇత్తడి పనివాళ్ళకు మెమెంటోల ఆర్డర్లే దిక్కు. ఒకప్పుడు వాళ్ళ చేతి రేకు గుడి తలుపులకు, రథాలకు ఎక్కేది. మున్సిపల్ ఆఫీసు ప్రధాన ద్వారానికి అదే రేకు ఎందుకు ఎక్కకూడదు? వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు ఉంది. కమ్యూనిటీ హాలులో ప్లాస్టిక్ కుర్చీల బదులు వాటిని పరిస్తే కొత్తవాడ నేతన్నకు పని, పిల్లలకు కింద కూర్చునే సుఖం. 1934లో మొదలై ఒక తరం మొత్తానికి అన్నం పెట్టిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు ఈరోజు లేదు. దాని గోడల్లో కనీసం ఒక షెడ్డును నిలబెట్టి కార్మికుల పిల్లలకు లైబ్రరీగా ఇచ్చి ఉంటే, ఎన్ని తోరణాలు కట్టినా రాని గుర్తింపు మనకు దక్కేది.

వరంగల్ మహానగర పాలక సంస్థలో 66 డివిజన్లు ఉన్నాయి. 2041 వరకు మాస్టర్ ప్లాన్ ఉంది. ప్రతి డివిజన్‌కూ ఒక ఉమ్మడి మండపం కట్టమని మేము కార్పొరేషన్‌ను, కుడాను (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థను) అడుగుతున్నాం. మూడు వైపులా తెరిచి ఉండాలి, చుట్టూ కక్షాసనాల్లా కూర్చునే గోడ, ముందు బతుకమ్మ ఆడుకునే చదును నేల, వెనుక శవస్నానానికి నీళ్ళూ తెరా ఉన్న చిన్న గది. పెండ్లికి, చావుకు, పరీక్షల ముందు పిల్లల చదువుకు అదే చోటు. డిజైన్‌ను టెండరుతో పాటు కాంట్రాక్టర్‌కు అప్పగించకుండా, యువ ఆర్కిటెక్టులకు పోటీ పెట్టి, గీసిన బొమ్మలను ఆ డివిజన్ ఆడవాళ్ళ ముందు గోడకు అతికించి, వాళ్ళు చెప్పిన మార్పులు చేశాకే పునాది తీయాలి.

మొదటివి ఎక్కడ కట్టాలో చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీల్లో నీళ్ళు నడుము దాకా వచ్చాయి. నాలాలు మూసుకుపోయిన ఆ వాడల్లో జనం పిల్లలను ఎత్తుకుని ఎక్కడికి పోవాలో తెలియక మేడలున్న ఇండ్ల మెట్ల మీద రాత్రంతా కూర్చున్నారు. అక్కడ కట్టే మండపాన్ని రామప్ప జగతిలా ఆరడుగుల ఎత్తున కట్టండి. వచ్చే వానాకాలంలోపు ఆ కాలనీల్లో కనీసం రెండింటికి ముగ్గు పోయాలి.