రెండో సైట్‌లో కాపీ ఉంటే సరిపోదు

సింక్రనస్ రెప్లికేషన్ (రాసే ప్రతి డేటానీ అప్పటికప్పుడే రెండో సైట్‌లోనూ కాపీ చేయడం) ఉంటే మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి చోట్ల వాడే భారీ కంప్యూటర్) డేటాకి ఢోకా లేదని మీ వ్యాసంలో రాశారు. అది సగమే నిజమండి.

అలాంటి పద్ధతే అయిన ఐబీఎం మెట్రో మిర్రర్‌లో అవతలి సైట్ డిస్క్ కూడా అందిందని చెప్పాకే ఇక్కడి రైట్ (డేటా రాయడం) పూర్తవుతుంది. 100 కిలోమీటర్ల ఫైబర్‌లో వెలుతురు వెళ్లి రావడానికే సుమారు 1 మిల్లీసెకను. ప్రతి రైట్‌కీ ఆ ఆలస్యం తప్పదు. అందుకే దూరపు సైట్‌కి, అవతలి జవాబు కోసం ఆగని గ్లోబల్ మిర్రర్ వాడతారు. అది కొన్ని సెకన్లు వెనకబడి ఉంటుంది.

కానీ నన్ను భయపెట్టేది దూరం కాదు. నేను పనిచేసిన చోట ఒక రాత్రి వడ్డీ లెక్కల బ్యాచ్ జాబ్ పొరపాటున రెండుసార్లు నడిచింది. తప్పు లెక్కలు ఆ క్షణమే రెండో సైట్‌కీ చేరిపోయాయి. మిర్రర్‌కి తప్పొప్పులు తెలియవు కదా! జాబ్‌కి ముందు తీసి పెట్టిన ఫ్లాష్‌కాపీ (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే తీసిన కాపీ) ఉండబట్టి తెల్లారేసరికి గట్టెక్కాం. ఆ నాలుగు గంటల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

ఇంకొకటి, అగ్నిప్రమాదంలో లింకులన్నీ ఒకేసారి తెగవు. లాగ్ వాల్యూమ్ (డేటాబేస్ మార్పుల చిట్టా ఉండే డిస్క్) కాపీ ముందే ఆగి, డేటాబేస్ వాల్యూమ్‌ది ఇంకాసేపు నడిస్తే, అవతల మిగిలేది పొంతన లేని డేటా. ఇక్కడి, అవతలి డిస్కుల్లో ఒక్క జత తెగినా అన్నిటి కాపీనీ ఒకేసారి ఆపే ఫ్రీజ్ అనే ఏర్పాటు అందుకే ఉంది. వ్యాసంలో దాని ఊసే లేదు, దయచేసి చేర్చండి.