సవరణ: సింగిల్ పేయర్ అంటే ప్రభుత్వ ఆసుపత్రులు కావు

అమెరికా ఆరోగ్య బీమా సంస్కరణలపై నేను ఇంతకుముందు రాసిన వ్యాసంలో, సింగిల్ పేయర్ విధానం (అందరి వైద్య ఖర్చులనూ ఒకే ప్రభుత్వ బీమా చెల్లించే పద్ధతి) వస్తే ఆసుపత్రులన్నీ ప్రభుత్వం చేతిలోకి వెళ్తాయనీ, కెనడా, బ్రిటన్ రెండూ ఇందుకు ఉదాహరణలనీ పేర్కొన్నాను. అది తప్పు.

సింగిల్ పేయర్ అనే మాట వైద్యం ఎవరు చేస్తారన్నది కాదు, బిల్లు ఎవరు చెల్లిస్తారన్నది మాత్రమే చెబుతుంది. కెనడాలో ప్రతి ప్రావిన్సూ తన బీమా పథకం నుంచి డబ్బు చెల్లిస్తుంది కానీ, అక్కడి డాక్టర్లలో ఎక్కువమంది సొంత ప్రాక్టీసు నడుపుకునేవారే. బ్రిటన్‌లో మాత్రం 1948లో మొదలైన నేషనల్ హెల్త్ సర్వీస్ కింద ఆసుపత్రులు చాలావరకు ప్రభుత్వానివే. ఈ తేడా చిన్నది కాదు. సంస్కరణ అనగానే అమెరికాలో పుట్టుకొచ్చే భయాలకు ఈ రెంటినీ కలిపేయడం ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం, ఆ గందరగోళానికి నా వ్యాసమూ తోడైనందుకు నిజంగా బాధపడుతున్నాను. అమెరికాలోనే 1965 చట్టంతో వచ్చిన సంప్రదాయ మెడికేర్‌లో, 65 ఏళ్లు దాటినవారి వైద్యానికి ప్రభుత్వం చెల్లిస్తుంటే, ఆ వైద్యాన్ని ఎక్కువగా ప్రభుత్వేతర ఆసుపత్రులే అందిస్తున్నాయి.

ఒబామా 2010 మార్చి 23న సంతకం చేసిన ఆరోగ్య బీమా సంస్కరణ చట్టంలో ప్రభుత్వ బీమా పథకం ఉందని రాయడం కూడా పొరపాటే. 2009 నవంబరులో ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులో అది ఉంది. 60 ఓట్లు తప్పనిసరైన సెనేట్‌లో సెనేటర్ జో లీబర్‌మన్ వ్యతిరేకించడంతో దాన్ని తొలగించారు. ఒకవేళ అది నిలిచినా ప్రైవేటు బీమా కంపెనీలతో పోటీపడే మరో పథకం అయ్యేదే తప్ప, సింగిల్ పేయర్ అయ్యేది కాదు.